నీళ్ళిచ్చే మోహ్లత్

మా చిన్నోడి జిద్ మీద హాల్లో ఉప్పునీళ్ళ చేపల తొట్టె పెట్టాం. వంద లీటర్ల నీళ్ళు, రెండు క్లౌన్‌ఫిష్. బందరులో సముద్రం దగ్గరే గానీ మంగినపూడి నీళ్ళు బురద. అందుకని ఆర్‌వో నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ప్యాకెట్ ఉప్పు కలుపుతాం.

"ఇంట్లో ఖారా పానీ ఎందుకురా?" అంది అమ్మీ. నేల పాడవుతుందని భయమేమో అనుకున్నాను.

ఎండాకాలం రాగానే పరేషానీ మొదలైంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టెలోనే ఉండి చిక్కబడుతుంది. మధ్యాహ్నానికి నీళ్ళు వేడెక్కుతాయి. ఒక్క పూట మేత ఎక్కువైతే అమ్మోనియా. గుడివాడలో చేపల చెరువులు చేసే మామూకి ఫోన్ చేస్తే నవ్వాడు. "చిన్న గుంటలో చేపలేసినోడికి నింద్ ఎక్కడిది బేటా? నీళ్ళు పెంచు."

ఉర్దూ మీడియం బడిలో చదివిన 'దహ్ దర్ దహ్' గుర్తొచ్చింది. హనఫీ ఫిఖ్‌హ్‌లో హౌజ్ పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉంటే, అందులో నజాసత్ పడినా రంగు, రుచి, వాసన మారనంతవరకు నీళ్ళు పాక్. అది షరీఅత్ లెక్క, ఇది చేపల లెక్క. అయినా రెండు చోట్లా ఎక్కువ నీళ్ళకు ఓర్పు ఎక్కువ. మురికి ఎక్కడికీ పోదు. అది జహర్ అయ్యేలోపు మనకు కాస్త మోహ్లత్ దొరుకుతుంది, అంతే.

తొట్టె కింద ఇంకో తొట్టె పెట్టాను. దీన్నీ సంపే అంటారు. పై నీళ్ళు పైపులోంచి కిందికి దిగుతాయి, మోటారు మళ్ళీ పైకి తోస్తుంది. ఆశకొద్దీ సంపులో 43 లీటర్లు నింపాను. మొత్తం 143.

నాలుగో రాత్రి కరెంటు పోయింది. మోటారు ఆగింది. పైకెళ్ళే పైపు మూతి నీళ్ళలో పది సెంటీమీటర్ల లోతున ఉంది. అదే పైపులోంచి నీళ్ళు వెనక్కి లాగేసి, 27 లీటర్లు సంపులోకి దిగాయి. అక్కడ ఖాళీ పదకొండు లీటర్లు కూడా లేదు.

టార్చ్ వేసి చూస్తే అమ్మీ మంచం మీద నిలబడి ఉంది. ఖురాన్ షరీఫ్‌ను గుండెకు హత్తుకుంది. వేలు తడిపి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పే బేటా" అంది. నేల మీద ఉన్నది ఒక బకెట్టు నీళ్ళే. కానీ అమ్మీ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన రాత్రి తను అక్కడే ఉంది. ఇన్నేళ్ళూ ఆ రాత్రి గురించి మేం అడగలేదు, తను చెప్పలేదు.

తెల్లారి నీటిమట్టానికి కాస్త కింద, ఆ పైపుకి చిన్న రంధ్రం వేశాను. పై నీళ్ళు అక్కడిదాకా దిగగానే గాలి దూరి లాగడం ఆగిపోతుంది. కానీ రంధ్రం ఉప్పు పట్టి మూసుకుపోవచ్చు. అందుకని సంపులో 25 లీటర్లే ఉంచి, అద్దం మీద మార్కర్‌తో గీత గీశాను. మొత్తం 125. ఆవిరైన మేరకు రోజూ ఆ గీతదాకా మంచినీళ్ళే పోస్తాం, ఉప్పు కలపం.

ఇప్పుడు మామూలు రోజుల్లో ఆ గీత చూసే డ్యూటీ అమ్మీదే. కరెంటు పోయినా టార్చ్ పట్టుకుని ముందు తనే వెళ్తుంది. నీళ్ళు గీత దాటి కొంచెం పైకొచ్చి ఆగేదాకా అక్కడే కూర్చుంటుంది. నేనూ పక్కన కూర్చుంటాను. దివిసీమ సంగతులు ఒక్కొక్కటీ అప్పుడే చెబుతోంది.