మన అమ్మల నడుం నొప్పికి కళ్లజోడు వైద్యం



మన మూడు జిల్లాల తండాలల్ల, గూడేలల్ల నడుం నొప్పి లేని ఇల్లు దొరకదు. మహబూబాబాద్ దిక్కు మిరపకాయ ఏరుడు, జనగామ దిక్కు పత్తి, వరినాట్లు. భూపాలపల్లి అడవుల ఎండాకాలం తునికాకు తెంపి 50 ఆకులకో కట్ట కట్టుడు. అన్నీ వంగి చేసే పనులే. నొప్పి ఎక్కువైతే ఒక సూది, లేకుంటే గోలీ. ఆ గోలీలు రోజూ మింగితే కడుపుల పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అయినా తెల్లారి కూలికి పోవాలంటే వేరే దారేది?

అందుకే ఈ ముచ్చట తెలిసినంక మేం హాస్టల్ల చాలాసేపు మాట్లాడుకున్నం. అమెరికాలో 2021 నవంబర్‌ల ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ, ఈజ్‌వీఆర్‌ఎక్స్ అనే వర్చువల్ రియాలిటీ ప్రోగ్రామ్‌కు అనుమతిచ్చింది. దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న పెద్దోళ్లకు డాక్టర్ రాసిస్తేనే ఇస్తరు. ఇంట్లనే కూసొని కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకోవాలి. 8 వారాలు, 56 పాఠాలు, ఒక్కోటి 2 నుంచి 16 నిమిషాలు. 179 మందితో పరీక్షించిన్రు. ఇది వాడినోళ్లల్ల 66 శాతం మందికి నొప్పి 30 శాతం కంటే ఎక్కువ తగ్గింది. ఈ పాఠాలు లేని మామూలు దృశ్యాలు చూసినోళ్లల్ల అట్ల తగ్గింది 41 శాతం మందికి. కొందరికి వికారం కూడా అయింది.

అంటే నొప్పి ఉత్త భ్రమా? కానే కాదు. నొప్పి నిజం. కానీ నెలల తరబడి ఉన్న నొప్పిల దెబ్బ మానినా నరాలు, మెదడు ప్రమాదం గంట కొడుతూనే ఉండొచ్చు. భయంతో కండలు బిగుస్తయి, నిద్ర పట్టదు, నొప్పి ఇంకా పెరుగుతది. నెమ్మదిగా ఊపిరి తీసుడు, ధ్యాస మళ్లించుడు, ఆ భయాన్ని తగ్గించుకునుడు ఆ పాఠాలు నేర్పుతయి.

ఈ పాఠాలు హెడ్‌సెట్ లేకుండా కూడా నేర్పొచ్చు. కానీ ఇంగ్లిష్ల చెప్తే మా యాడికి ఏం అర్థమైతది? లంబాడీల, కోయల చెప్పాలె. నర్సింగ్, ఫిజియోథెరపీ, కంప్యూటర్ చదివే మనోళ్లు డాక్టర్లను అడిగి, మన భాషల ఆడియో చేయొచ్చు. ఇది మనం కాక ఇంకెవరు చేస్తరు?

ఒక మాట మరువొద్దు. పాఠం పది నిమిషాలు, వంగుడు పొద్దంతా. పని నడుమ నడుం ఆన్చే తీరిక, మోసే బరువు తగ్గుడు కూడా వైద్యమే. కాళ్లల్ల బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకపోవాలె. మహబూబాబాద్‌ల 2022ల, జనగామ, భూపాలపల్లిల 2023ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినయి. అవి మనయి కూడా.

ఈసారి సెలవులకు ఇంటికి పోతే అమ్మను ఒక్క మాట అడుగుదాం: రోజుకు ఎన్ని గోలీలు మింగుతున్నవే?