ఒపోరాకి మాటల్లేవు

పిహెచ్‌డి రోజుల్లో అరిస్టోఫేనీస్ నాటకం ‘శాంతి’ చదువుతూ ఒపోరా పేరు పక్కన ‘మూగపాత్ర’ అని రాసుకుని పేజీ తిప్పేశాను. మొన్న ఆ నోట్సు మళ్లీ చేతికొచ్చింది.

గ్రీకులో ఒపోరా అంటే వేసవి చివర పళ్లు పండే కాలం, ఆ ఫలసాయం. నాటకంలో ఆమె దేవత. క్రీ.పూ. 421లో ఏథెన్స్‌లో దీన్ని ఆడేనాటికి స్పార్టాతో యుద్ధం మొదలై పదేళ్లు. ద్రాక్షతోట రైతు ట్రైగేయస్ పేడపురుగెక్కి దేవతల లోకానికెళ్లి, గుహలో పూడ్చిన శాంతిదేవతను తాళ్లతో లాగిస్తాడు. ఆమెతోపాటు ఒపోరా, ఉత్సవాల దేవత థియోరియా బయటపడతారు. హెర్మిస్ ఒపోరాను రైతుకి భార్యగా ఇచ్చేస్తాడు. థియోరియాను పాలకమండలికి అప్పగిస్తారు. ముగ్గురిలో ఒక్కరూ పెదవి విప్పరు. శాంతి మనసులో మాట కూడా హెర్మిసే చెప్తాడు. చివర పెళ్లిపాటలో వధువుని ద్రాక్షపళ్లలా కోసుకుందామని పాడతారు.

యుద్ధం వద్దన్న ఈ నాటకం నాకిప్పటికీ ఇష్టమే. కానీ ఆ శాంతిలో రైతుకి పొలం దక్కింది, పెళ్లాం దక్కింది. ఒపోరాకి ఏం దక్కింది?

నా పెళ్లిచూపుల్లో “అమ్మాయి ఉద్యోగం చేస్తుందా?” అని వాళ్లడిగితే మామయ్య జవాబిచ్చాడు. నేను కాఫీ కప్పులు చూస్తూ కూర్చున్నాను. ఆరోజు నన్ను చూసినవాళ్లు నెమ్మదస్తురాలనుకున్నారు.

క్రీ.పూ. 411లో అదే రచయిత లైసిస్ట్రాటా చేత నోరారా మాట్లాడించాడు. పలికింది మాత్రం మగ నటుడే.

నోట్సులో ‘మూగపాత్ర’ కొట్టేశాను. ‘మాటలివ్వలేదు’ అని రాసుకున్నాను.