ఎవరి శరత్తు?

శరదృతువు అనగానే మనకు తెల్లటి వెన్నెల, తేరుకున్న నీళ్లు, రెల్లుపూలు గుర్తొస్తాయి. ప్రబంధాల్లోని అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. నా డాక్టరేట్ కోసం ఏళ్ల తరబడి వాటి మధ్యే తిరిగాను. శామీర్‌పేటలో ఉంటూ మేడ్చల్‌కి వెళ్లివస్తున్న ఈ కొన్నేళ్లలో, ఆ వర్ణనలకూ కళ్లెదుట కనిపించే ఆశ్వయుజానికీ ఎక్కడా పొంతన కుదరడం లేదు.

2020 సంగతే చూద్దాం. ఆ ఏడాది ఆశ్వయుజం అధికమాసంతో కలిసి వచ్చింది. పంచాంగం ప్రకారం శరత్తు మూడు నెలలు. అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటింది. ఆ రాత్రికి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. మా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. అదే నెల ఢిల్లీలో కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 17.2 డిగ్రీలకు పడిపోయింది. 58 ఏళ్లలో అంత చల్లటి అక్టోబర్ లేదని వాతావరణ శాఖ చెప్పింది. మబ్బు లేదు, గాలి కదల్లేదు, అదీ కారణం. కవులు మెచ్చిన నిర్మలాకాశం అక్కడ వణికించే చలి అయింది. ఇక్కడ ఆకాశమే కనబడలేదు. ఇంత పెద్ద దేశానికి ఒకే శరత్తును రాసిపెట్టుకున్నది ఎవరు?

ప్రాంతం ఒక్కటే కాదు, ఎవరు చూస్తున్నారన్నది కూడా ప్రశ్నే. ఆముక్తమాల్యదలో వానాకాలం వర్ణిస్తూ కృష్ణదేవరాయలు కాస్త నిప్పు కోసం ఇంటింటికీ తిరిగే గృహిణిని, అంటుకోని తడి కట్టెలను చూశాడు. ప్రబంధాల్లో అది అరుదైన చూపు. మామూలుగా శరద్వర్ణనల్లో ఆమె ఉండదు. స్త్రీ ఉంటుంది గాని ఉపమానంగా ఉంటుంది. సన్నబడిన ఏరు ఆమె నడుము, బయటపడిన ఇసుకతిన్నె ఆమె జఘనం. శరీరం వర్ణనకెక్కింది, శ్రమ ఎక్కలేదు.

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేటల చుట్టూ ద్రాక్షతోటలు విరివిగా ఉండేవి. వెంచర్లు మింగగా కొన్ని మిగిలాయి. కాపు కోసం తీగలు కత్తిరించేది అక్టోబర్‌లోనే. తర్వాత వచ్చే లేత చిగుళ్ల మీద వాన పడితే బూజు తెగులు పట్టుకుంటుంది. కత్తిరించిన కొమ్మలు ఏరడం, చిగుళ్లు తుంచడం, గుత్తులు పలచన చెయ్యడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఆ పనికి వెళ్లే ఒకామెను తుఫాను రోజుల గురించి అడిగాను.

“వానొచ్చిన నాడు కూలి లేదు మేడం. ఇంట్ల పనికైతే సెలవు లేదు గద” అంది.

కావ్యాల్లో నాకు దొరకని శరత్తు ఆ రెండు మాటల్లో ఉంది. పంట పోతే నష్టం లెక్క మామూలుగా పట్టాదారు పాసుపుస్తకం చూసి రాస్తారు. కౌలు రైతుకే అందులో చోటు లేదు. ఆమె పోగొట్టుకున్న కూలిరోజులు ఏ పుస్తకంలోకి ఎక్కుతాయి? ఆ రోజు ఆరని బట్టలు, పొదుపుగా వండిన తిండి, కురిసే కప్పు కింద పెట్టిన గిన్నెలు ఏ వాతావరణ నివేదికలోకి వస్తాయి?

ఆడవాళ్లు శరత్తును తమ గొంతుతో చెప్పుకోలేదని కాదు. బతుకమ్మ ఉంది. ఎవరూ నాటని తంగేడు, గునుగు పూలు, వానలకు నిండిన చెరువు, కూలి నుంచి వచ్చిన అలసటతోనే చప్పట్లు కలిపే చేతులు. 2020లో వరద వచ్చిన మూడు రోజులకే ఆ పండుగ మొదలైంది. ఆ పాటల్ని మనం జానపదం అనే అరలో పెట్టి, ఋతువర్ణనను ప్రబంధాల అరలో పెట్టాం. తరగతి గదిలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే పని నేను మొదలుపెట్టాను. తంగేడు పూసే బీళ్లకు కంచెలు పడుతున్నాయి కాబట్టి ఆ పనికి ఎక్కువ వ్యవధి కూడా లేదు.