వాచిన కాలు

మా ఊరు భావనపాడు. ఒకవైపు సముద్రం, మరోవైపు నౌపడ ఉప్పుమళ్ళు. ఉద్దానానికి ఆనుకునే ఉన్నాం కనుక ఇక్కడ ఎవరి కాలు వాచినా జనం ముందు ముఖంలోకి చూస్తారు, అక్కడా వాపుందా అని. మూత్రపిండాల వ్యాధి ఇంటింటికీ నేర్పిన పరీక్ష అది. అమ్మ పుట్టినిల్లు వజ్రపుకొత్తూరు వైపు. ఆమె తమ్ముడు మూడేళ్ళు డయాలసిస్ మీద బతికి వెళ్ళిపోయాడు.

2024 సంక్రాంతి వెళ్ళాక అమ్మకు విశాఖపట్నంలో ఎడమ మోకాలి కీలు మార్పిడి జరిగింది. ఐదో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. ఆసుపత్రివాళ్ళిచ్చిన ఆంగ్ల కాగితాన్ని నేను చదివి, మడిచి, బీరువాలో పెట్టాను. నెలరోజులు వాడవలసిన మాత్రల చీటీ మాత్రం అమ్మ చేతికిచ్చాను. అవి ఎందుకో చెప్పాలని నాకు తోచలేదు.

పన్నెండో రోజు సాయంత్రం అమ్మ చీర అంచుతో కాలు కప్పుకొని కూర్చుంది. బలవంతం మీద చూపించింది. ఆపరేషన్ అయిన కాలు కొంత వాచడం సహజమే. కానీ తగ్గుతూ వచ్చిన వాపు మళ్ళీ పెరిగింది. పిక్క బిగుసుకుపోయి, తాకితే వేడిగా ఉంది. కుడికాలు మామూలుగానే ఉంది. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే, తల దించుకొని అన్నది: "బిళ్ళలు మింగి మింగే గదరా మీ మావ కిడ్నీలు పాడైపోనాయి."

ఆరు రోజులుగా ఆమె ఆ మాత్రలు మానేసింది. అవి నొప్పి మాత్రలనుకుంది. వాపు చూసి, తనకూ తమ్ముడి జబ్బే వచ్చిందని నిశ్చయించుకుని, మాకు చెప్పకుండా లోలోపల కుమిలిపోయింది.

ఆ రాత్రే శ్రీకాకుళం బయలుదేరాం. డాప్లర్ పరీక్షలో పిక్క లోపలి సిరలో రక్తపు గడ్డ కనబడింది.

రక్తం గడ్డకట్టడానికి మూడు కారణాలు కలుస్తాయని వైద్యులు అంటారు. ప్రవాహం మందగించడం, రక్తనాళం గోడకు దెబ్బ తగలడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో ఈ సూత్రం నిలిచింది. కీలు మార్పిడిలో ఈ మూడూ ఒకేసారి కూడుతాయి. నివారణ మందులు వాడని రోజుల్లో పరీక్షించి చూస్తే, తుంటి, మోకాలి కీళ్ళు మార్చినవారిలో నూటికి 40 నుంచి 60 మంది కాలి సిరల్లో గడ్డలు కనబడేవి. చాలావరకు బాధపెట్టకుండానే కరిగిపోతాయి. ఏ ఒక్కటైనా తెగి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణానికే ముప్పు. అందుకే మందులిస్తారు, వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు.

అయితే అమ్మ భయం పూర్తిగా తప్పేమీ కాదు. నొప్పి మాత్రలు అతిగా వాడితే మూత్రపిండాలకు చేటే. రక్తాన్ని పలుచన చేసే మందుల్లో కొన్ని మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. అవి బలహీనపడితే మందు ఒంట్లో పేరుకుని రక్తస్రావానికి దారితీయవచ్చు. అందుకే ఆ డాక్టరుగారు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ తరువాతే మోతాదు నిర్ణయించారు. ఫలితం బాగానే ఉందని చెప్పినప్పుడు అమ్మ ఏడ్చింది. గడ్డ సంగతి విన్నప్పుడు కూడా ఆమె కంట నీరు రాలేదు.

మూడు నెలలు మందు వాడాక గండం గడిచింది. ఇప్పుడు అమ్మ రోజూ సముద్రపు ఒడ్డుదాకా నడిచి వస్తోంది.

ఆ ఆంగ్ల కాగితాన్ని బీరువాలోంచి తీసి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గుమ్మం పక్కన అంటించాను. ఏ మాత్ర ఎందుకు, ఎన్నాళ్ళు, ఏది మానకూడదు, పిక్క నొప్పి పుట్టినా ఆయాసం వచ్చినా ఏం చేయాలి. అమ్మ దాన్ని తీయనివ్వలేదు. మొన్న మా వీధిలో ఒకావిడ తుంటి ఆపరేషన్‌కు వెళ్తూ దాన్ని చూడటానికి వచ్చింది. అమ్మే వేలుపెట్టి ఒక్కొక్క వరుసా చదివి వినిపించి, చివర అన్నది: "నీ డాక్టరు ఏం రాసినాడో, అదెందుకో అడిగి రా. నేను అడగలేదు."

ఆమె అడగలేదు, నిజమే. నేను చెప్పనూ లేదు.