మంచు సరస్సుపై కర్రల బాట!

కనుచూపు మేరా తెలుపే. పైన ఆకాశం తెలుపు, కింద సరస్సు తెలుపు. నేల ఎక్కడ అయిపోయిందో, నింగి ఎక్కడ మొదలైందో తెలియదు. ఈదురుగాలికి మంచు పొడి లేచిందంటే పది గజాల అవతల ఏముందో కనిపించదు. అలాంటి చోట మనిషికి ఒకటే దిక్కు... వరసగా పాతిన కర్రలు! ఒక కర్రని చేరుకుంటే ఇంకో కర్ర, అది దాటితే మరొకటి. అలా పట్టుకుని పోతే ఎప్పటికో అవతలి ఒడ్డు. ఆ కర్రలు పాతేది ఏ కాంట్రాక్టరో కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. అదీ జీతం భత్యం లేకుండా, ఎముకలు కొరికే చలిలో, ఏటా!

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దులో ఉందా సరస్సు. పేరు లేక్ ఆఫ్ ద వుడ్స్. పద్నాలుగు వేలకు పైగా దీవులున్న ఈ మహా సరస్సు చలికాలంలో గడ్డకట్టి మైదానంలా మారిపోతుంది. మైనస్ 30 డిగ్రీల చలి అక్కడివాళ్లకి కొత్త కాదు. లంబసింగిలో పొగమంచు పడితేనే స్వెట్టర్లు వెతుక్కునే మనకి అది ఊహకందని సంగతే. వాళ్లు మాత్రం ఆ కాలం కోసమే ఎదురుచూస్తారు. ఎందుకంటే గడ్డకట్టిన సరస్సే వాళ్లకి రోడ్డు, స్నోమొబైలే బండి.

పటంలో పొరపాటు... జనానికి అగచాట్లు

ఈ సరస్సుకి వాయవ్య మూలన 'నార్త్‌వెస్ట్ యాంగిల్' అనే చిన్న ప్రాంతం ఉంది. ప్రపంచ పటంలో అమెరికాని గమనించి చూడండి. కెనడాతో సరిహద్దు గీత గీసినట్టు తిన్నగా వస్తూ ఒక్కచోట మాత్రం పైకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. అదే ఇది. 1783లో పారిస్ ఒప్పందం రాసుకున్నప్పుడు పెద్దమనుషుల దగ్గరున్న పటం తప్పు. సరస్సు వాయవ్య మూల నుంచి తిన్నగా పడమటికి వెళితే మిసిసిపి నది తగులుతుందనుకున్నారు. తీరా చూస్తే ఆ నది పుట్టిందే దానికి బాగా దక్షిణాన! 1818లో 49వ అక్షాంశాన్ని సరిహద్దుగా ఖాయం చేసుకున్నాక, ఆ మూల నుంచి కిందికి ఒక గీత గీసి సరిపెట్టారు. ఆ గీతకి తూర్పున చిక్కుకుపోయిన ముక్క అమెరికాకి మిగిలింది. అలాస్కాని పక్కన పెడితే అమెరికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది ఇదే.

అక్కడ ఏడాది పొడవునా ఉండేవాళ్లు చాలా కొద్దిమందే. భూమిలో ఎక్కువ భాగం రెడ్ లేక్ ఆదివాసీలది. ఒక పోస్టాఫీసు, ఒకే గది ఉన్న బడి, చేపలవేటకి వచ్చేవాళ్ల కోసం కొన్ని రిసార్టులు... అంతే. సొంత రాష్ట్రంలోని మరో ఊరికి కారులో వెళ్లాలంటే కెనడాలోకి ప్రవేశించి, బయటికొచ్చి, మళ్లీ అమెరికాలో అడుగుపెట్టాలి. అంటే పాలప్యాకెట్టుకైనా రెండుసార్లు సరిహద్దు దాటాల్సిందే! అదేదీ లేకుండా సొంత దేశంలోనే ప్రయాణించాలంటే వేసవిలో పడవ, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు. కర్రల బాట విలువ అక్కడే తెలిసేది.

ఈ బండి పుట్టిల్లు పక్క ఊరే

స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా ఉండే మోటారుబండి. ఇప్పుడది సరదా సవారీకి గుర్తు. మొదట్లో అది అవసరం. కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ కొడుకు 1934లో జబ్బుపడి చనిపోయాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోవడంతో బిడ్డని ఆసుపత్రికి చేర్చలేకపోయాడా తండ్రి. ఆ తర్వాత మంచుమీద పరిగెత్తే బళ్ల తయారీలో ఆయన పేరు మారుమోగింది. 1959లో వచ్చిన 'స్కీ-డూ' ఆయన చేతి చలవే.

లేక్ ఆఫ్ ద వుడ్స్‌కి దగ్గర్లోని రోసో ఊరిది ఇంకో కథ. వ్యవసాయ పనిముట్లు చేసే చిన్న షెడ్డులో 1950ల మధ్యలో కుర్రాళ్లు ఒక మంచుబండి తయారుచేశారు. వేటకి వెళ్లడానికి పనికొస్తుందని చేసిన దాన్ని, చేతిలో డబ్బులు ఆడక 465 డాలర్లకి స్థానిక కలప వ్యాపారికి అమ్మేశారు. ఆ షెడ్డే తర్వాత పొలారిస్ కంపెనీ అయింది. మూడువేల మంది కూడా లేని ఆ ఊళ్లో ఇప్పటికీ ఫ్యాక్టరీ నడుస్తోంది.

రాత్రంతా మంచుకి ఇస్త్రీ

బండి ఉంటే చాలదు, బాట ఉండాలిగా! మిన్నెసోటా మొత్తంమీద స్నోమొబైల్ బాటల పొడవు దాదాపు 35 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతకన్నా కాస్తే తక్కువ. అందులో అత్యధిక భాగాన్ని చూసుకుంటున్నది స్థానిక క్లబ్బులే. రైతులు, మెకానిక్కులు, రిటైరైన ఉద్యోగులు, రిసార్టుల యజమానులు... వీళ్లే అందులో సభ్యులు.

చలికాలం మొదలవ్వకముందే వాళ్ల పని మొదలవుతుంది. ఆకులు రాలే కాలంలో రంపాలు పట్టుకుని అడవిలోకి వెళతారు. దారికి అడ్డంగా పడిన చెట్లని కోస్తారు. వాగులమీద చెక్క వంతెనలు బాగుచేస్తారు. మలుపు దగ్గర ఒకటి, రోడ్డు దాటే చోట ఒకటి గుర్తుల బోర్డులు పాతుతారు. సరస్సు గడ్డకట్టాక మంచు మందం కొలవడం ఇంకో పని. స్నోమొబైల్ వెళ్లాలంటే గట్టి మంచు కనీసం అయిదు నుంచి ఏడు అంగుళాలుండాలి. అది చూసుకున్నాకే కర్రలు పాతుతారు. అయినా భరోసా లేదు. రాత్రికి రాత్రి మంచు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని గుట్టలా లేస్తాయి, పక్కనే పగుళ్లు విచ్చుకుంటాయి. అప్పుడు బాటని పక్కకి మళ్లించాలి, కర్రలు పీకి మళ్లీ పాతాలి.

అసలు పని రాత్రిపూట. వందల బళ్లు తిరిగితే మంచుబాట గతుకుల రోడ్డయిపోతుంది. దాన్ని చదును చేయడానికి 'గ్రూమర్' ఉంటుంది. పట్టాల చక్రాల ట్రాక్టరు, దాని వెనక బరువైన ఇనుప చట్రం. చట్రంలోని బ్లేడ్లు ఎగుడుదిగుళ్లని చెక్కుతాయి, వెనకున్న పళ్లెం ఆ పొడిని అదిమి ఇస్త్రీ చేసినట్టు పరుస్తుంది. అది కొన్ని గంటలు గట్టిపడాలి. పగలు బళ్ల రద్దీ, పైగా ఎండ. అందుకే ఊరంతా నిద్రపోయాక గ్రూమర్ బయల్దేరుతుంది. వేగం గంటకి పది, పదిహేను కిలోమీటర్లే! ఒక్కడే డ్రైవరు, ఒక ఫ్లాస్కు కాఫీ, హెడ్‌లైట్ల వెలుగులో రాలే మంచు. తెల్లారి పర్యటకులు నున్నటి బాటమీద రయ్యిమని దూసుకెళ్లేసరికి ఆ డ్రైవరు ఇంట్లో నిద్రపోతుంటాడు.

రైతు సరేనంటేనే...

కొత్త గ్రూమర్ ఖరీదు రెండు లక్షల డాలర్లకు పైనే. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అదీ స్నోమొబైళ్ల రిజిస్ట్రేషన్ రుసుము, పెట్రోలు పన్నులో వాటాలాంటి వాటినుంచి వచ్చే సొమ్మే. మిగిలినదానికి క్లబ్బులు చందాలు పోగుచేస్తాయి. ఉదయం ఫలహార విందులు పెడతాయి, లాటరీలు తీస్తాయి. మన ఊళ్లలో శ్రీరామనవమి పందిరికి ఇల్లిల్లూ తిరిగినట్టే!

అన్నిటికన్నా సున్నితమైన వ్యవహారం మరొకటుంది. ఈ బాటలు చాలాచోట్ల రైతుల పొలాల మీదుగా వెళతాయి. ఏటా ఆ రైతుల్ని అడిగి అనుమతి తెచ్చుకోవాలి. ఎవరో ఆకతాయి బాట తప్పి మొక్కల్ని తొక్కాడంటే ఆ రైతు మరుసటేడు కుదరదంటాడు. ఒక్క పొలం మూసుకుంటే మైళ్ల బాట తెగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు క్రమశిక్షణని పిల్లల వయసు నుంచే నేర్పుతారు. ఆ రాష్ట్రంలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టిన వారెవరైనా స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ పొందాల్సిందే. ఆ పాఠాలు చెప్పేదీ వాలంటీర్లే.

దారి మూసుకున్న ఏడాది

2020 మార్చిలో కరోనాతో కెనడా సరిహద్దు మూతపడింది. నార్త్‌వెస్ట్ యాంగిల్‌కి కారుదారి పోయింది. అతిథులు రాకపోతే రిసార్టులకి రాబడి లేదు, అది లేకపోతే అక్కడి కుటుంబాలకి బతుకుతెరువు లేదు. చూస్తూ కూర్చోలేదు వాళ్లు. 2021 శీతాకాలంలో సరస్సు మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైగా మంచురోడ్డు వేసుకున్నారు. కెనడా గడ్డని తాకకుండా కార్లలో అతిథులు వచ్చారు. ఎన్నో ఏళ్లుగా కర్రల బాటలు వేస్తూ, సరస్సులో ఎక్కడ పగులుతుందో, ఎక్కడ నిలుస్తుందో తెలిసిన ఊరు కాబట్టే అది సాధ్యమైంది.

ఇప్పుడు బెంగ వేరు. 2023-24 మిన్నెసోటా చరిత్రలోనే అత్యంత వెచ్చని శీతాకాలం. రాష్ట్రంలో చాలా బాటలు సరిగా తెరుచుకోనే లేదు. పేరున్న బేర్‌గ్రీస్ కుక్కబళ్ల పందెం 2024లో మంచు లేక రద్దయింది. మంచు పడకపోయినా షెడ్డులో గ్రూమర్ కిస్తీ ఆగదు, వంతెనల మరమ్మతు ఆగదు. అంతకన్నా పెద్ద సమస్య చేతులది. రెండు దశాబ్దాల కిందటితో పోలిస్తే రిజిస్టరైన బళ్లు తగ్గాయి. క్లబ్బుల్లో తలలు నెరుస్తున్నాయి. రాత్రంతా గ్రూమర్ నడిపే ఓపిక ఉన్న కుర్రాళ్లు చదువులకీ, ఉద్యోగాలకీ నగరాలకి వెళ్లిపోతున్నారు. మన పల్లెల్లో చెరువు పూడిక తీసే శ్రమదానానికి మనుషులు దొరకనట్టే అక్కడా!

మినియాపొలిస్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఈ ప్రాంతం ఆరుగంటల కారు ప్రయాణం. జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. స్నోమొబైల్ అద్దెకి తీసుకునేముందు శిక్షణ నిబంధనలూ, ఆరోజు మంచు పరిస్థితీ కనుక్కోవడం తప్పనిసరి. కర్రల వరస దాటి పక్కకి వెళ్లకూడదన్నది అక్కడి తొలి సూత్రం.

మార్చి వెళ్లేసరికి సరస్సు మెత్తబడుతుంది. క్లబ్బు మనుషులు మళ్లీ వెళ్లి, పాతిన కర్రల్ని ఒక్కొక్కటిగా పీకి తెచ్చుకుంటారు. నీళ్లలో ఏమీ మిగలకూడదు కదా! ఎండాకాలంలో అక్కడ పడవలో వెళ్లేవారికి ఆ నీళ్లమీద ఒక దారి ఉండేదన్న గుర్తు కూడా కనిపించదు. షెడ్డులో కట్టలుగా కట్టిన కర్రలు మాత్రం డిసెంబరు కోసం ఎదురుచూస్తుంటాయి.