ఏటి ఒడ్డున ఎర్ర అక్షరాలు

హైదరాబాద్ చాదర్‌ఘాట్ వంతెన దగ్గర బస్సు దిగి పక్క సందులోకి మళ్లితే... ముందు వాసన పలకరిస్తుంది, ఆ తర్వాతే మూసీ కనిపిస్తుంది. మూసానగర్, శంకర్‌నగర్‌లలో గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్లు. 2024లో నది ప్రక్షాళన సర్వేకి వచ్చిన అధికారులు ఆ గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసి వెళ్లారు. ఏటి గర్భంలో ఉన్న ఇల్లు, తొలగించాలి అని!

ఏటి భయం ఇక్కడివారికి కొత్తేం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీద పడినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అయినా 2025 సెప్టెంబరులో గేట్లెత్తితే మూసానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మహాత్మాగాంధీ బస్టాండే మునిగింది.

మరి కదలడానికి బెంగ దేనికి? కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు చేతపట్టుకుని ఇంటివాళ్లు అడుగుతున్నది ఒకటే. పన్ను కట్టించుకున్నప్పుడు ఇది ఏరని తెలియదా అని. అడగాల్సిన మాటే. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకుని ఉంటే, ఇచ్చే ఒక్క డబుల్ బెడ్‌రూం ఇల్లు ఎవరికి? అద్దెకున్నవాళ్ల మాటేమిటి? మలక్‌పేట పిల్లిగుడిసెల ఇళ్లకు వెళ్లినవారికి పాతపేట దగ్గరే. ఊరిచివర ఇల్లొస్తే మాత్రం కూలికి పోయేవారికీ, నాలుగిళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ సగం పూట బస్సులోనే. పిల్లల బడి సంగతి సరేసరి.

ఇక్కడి సందులు ఎంత ఇరుకంటే, 2024 అక్టోబరులో ఖాళీ అయిన ఇళ్లను కూల్చడానికి బుల్డోజర్లు పట్టలేదు. కూలీలే సుత్తులతో పగలగొట్టారు. ఖాళీ చేయనివారి ఇళ్లు వాటి పక్కనే, అవే గోడలకు ఆనుకుని ఉన్నాయి.