ఆకలి ఉంచుకొని రండి!

కొల్లాపూర్ వాళ్ళకు చేపల సంగతి ఒకరు చెప్పాలా! పక్కనే సోమశిల. అక్కడ కృష్ణమ్మ. శ్రీశైలం వెనక నీళ్ళు నిండాయంటే వలలకు పండగే. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట... ఏది పులుసుకు బాగుంటుందో, దేన్ని వేయిస్తే రుచో చిన్నపిల్లలు కూడా చెబుతారు. సెలవొస్తే హైదరాబాద్ నుంచి కార్లు వేసుకొచ్చి ఒడ్డున కూర్చొని వేడివేడి చేప ముక్కలు తినిపోయేవాళ్ళెందరో. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి కూతురు ఫోన్ చేసి, 'నాయినా, ఐతారం నువ్వు, అమ్మ హైదరాబాద్ రాండ్రి. సుషి తినిపిస్త' అంటే ఏమవుతుంది?

'అదేంది?'

'జపాన్ వాళ్ళ తిండి. అన్నం మీద పచ్చి చాప ముక్క పెట్టి ఇస్తరు.'

అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత నవ్వు. 'ఉడకబెట్టకుండ ఇచ్చెతందుకు గూడ పైసలు ఇయ్యాల్నా బిడ్డా?'

ఆ అమ్మాయి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసులో ఎవరి పుట్టినరోజు వచ్చినా, ఎవరికి ప్రమోషన్ వచ్చినా ఆ దగ్గర్లోని జపనీస్ రెస్టారెంట్ పేరే వినిపిస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు మింగలేక మింగింది. రెండోసారికి నచ్చింది. మూడోసారి తింటుంటే అమ్మానాన్నలు గుర్తొచ్చారు. ఈసారి జీతం పెరిగింది కాబట్టి ఆ పిలుపు.

అయితే అసలు కారణం వేరే ఉంది. ఇంజినీరింగ్ పట్టా తీసుకున్న రోజున తల్లిదండ్రులిద్దరూ ఊరి నుంచి వచ్చారు. మామిడితోట కౌలు డబ్బుతో ఏటేటా ఫీజు కట్టిన తండ్రి ఆయన. సాయంత్రం స్నేహితురాళ్ళ కుటుంబాలన్నీ కలిసి ఓ పెద్ద హోటల్‌కు వెళ్ళాయి. మెనూ కార్డు చేతికొచ్చింది. ఆయన కళ్ళు పదార్థాల పేర్ల మీద నుంచి కుడిపక్కకి, ధరల మీదకి వెళ్ళాయి. కార్డు మూసి, 'నాకు ఆకలైత లేదు. మీరు తినుండ్రి' అన్నారు. మంచినీళ్ళు తాగుతూ అందరి కబుర్లూ వింటూ కూర్చున్నారు. బయటికొచ్చాక బండి మీద నాలుగు అరటిపండ్లు కొనుక్కొని బస్సెక్కారు. ఆ నాలుగు అరటిపండ్లనీ కూతురు ఇప్పటికీ మరచిపోలేదు.

అందుకే ఈ విందుకు ఆమె పరీక్షలకు చదివినట్టు తయారవుతోంది.

మొదటి చిక్కు, రోజు. ఆఫీసు స్నేహితులైతే శనివారమే మంచిదంటారు. కానీ శనివారం అమ్మ నీసు ముట్టదు. కాబట్టి ఆదివారం. రెండో చిక్కు, సమయం. నగరంలో తొమ్మిదికి తినడం మొదలుపెడతారు. కొల్లాపూర్‌లో ఆ వేళకి ఒక నిద్ర అయిపోతుంది. అందుకని రెస్టారెంట్ రాత్రి పూట తలుపులు తీసే ఏడింటికే టేబుల్ చెప్పింది. జనం తక్కువ, చప్పుడు తక్కువ. వడ్డించేవాళ్ళకూ నాలుగు ముక్కలు ఓపిగ్గా చెప్పే తీరిక ఉంటుంది.

ఇక ప్రయాణం. కొల్లాపూర్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో ఇంచుమించు నాలుగు గంటలు. ఎక్కి దిగిన ఒళ్ళు నొప్పులతో తిన్నగా హోటల్‌కు తీసుకెళితే ఏ రుచీ తెలియదు. మధ్యాహ్నానికి దిల్‌సుఖ్‌నగర్‌లోని చిన్నమ్మ ఇంటికి చేరాలి. కాస్త నడుం వాల్చాలి. సాయంత్రం అక్కడే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ. తిని పదింటికల్లా లేస్తే మళ్ళీ మెట్రోలోనే తిరిగి రావచ్చు.

ఎక్కడ కూర్చోవాలన్నదీ చిన్న విషయమేం కాదు. సుషికి పేరున్న చోట్ల చెఫ్‌కు ఎదురుగా చెక్క బల్ల దగ్గర కూర్చోవడాన్ని గొప్పగా చెబుతారు. 'ఒమకాసె' అంటే మెనూ ఉండదు. 'మీ ఇష్టం, మీరేం పెడితే అది' అని అంతా చెఫ్‌కే వదిలేయడం. టోక్యోలో గింజా ప్రాంతంలో 'సుకియాబాషి జిరో' అనే రెస్టారెంట్ ఉంది. ఓ ఆఫీసు భవనం నేలమాళిగలో పట్టుమని పది సీట్లు. ఏళ్ళ తరబడి మిషలిన్ గైడ్ మూడు నక్షత్రాలిచ్చింది. 2014లో అప్పటి జపాన్ ప్రధాని షింజో అబే, అమెరికా అధ్యక్షుడు ఒబామాను విందుకు తీసుకెళ్ళింది అక్కడికే. తర్వాత 2020 సంచిక నుంచి గైడ్ దాన్ని తప్పించింది. రుచి తగ్గి కాదు, మామూలు జనానికి అక్కడ సీటు బుక్ చేసుకునే వీలు లేదని!

అంత ముచ్చట విన్నా కూతురు మాత్రం మూల టేబులే అడిగింది. చెఫ్ కళ్ళెదుట కూర్చుంటే నాన్న ముద్ద ముద్దకీ బిగుసుకుపోతారు. నచ్చకపోయినా మొహమాటానికి మింగేస్తారు. మూల టేబుల్ దగ్గరైతే నచ్చనిది పక్కన పెట్టొచ్చు, నవ్వుకోవచ్చు. ఇంకో ఏర్పాటూ చేసింది. ఏమేం కావాలో ముందే ఫోన్‌లో చెప్పేసి, మెనూ కార్డు టేబుల్ మీదకి రాకుండా చూడమంది. బిల్లు కౌంటర్ దగ్గరే కడతానంది. కుడిపక్క అంకెలే కనిపించకపోతే ఆకలి ఎక్కడికి పోతుంది!

తిండి గురించి మాత్రం రోజూ ఫోన్లోనే పాఠాలు. సుషి అంటే పచ్చి చేప అని అందరూ అనుకుంటారు. నిజానికి సుషికి ప్రాణం అన్నం. వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన పుల్లటి అన్నం. చేప పైన కూర్చున్న చుట్టం మాత్రమే. వట్టి పచ్చి చేప ముక్కల్ని 'సషిమి' అంటారు. ఒకప్పుడైతే చేపని ఉప్పేసి, అన్నంలో పెట్టి నెలల తరబడి పులియబెట్టేవారు. చేప చెడిపోకుండా ఉండేందుకు అదో ఉపాయం. తినేటప్పుడు అన్నం పారేసేవారు. జపాన్‌లోని బివా సరస్సు దగ్గర ఆ పాతకాలపు 'ఫునజుషి'ని ఇప్పటికీ చేస్తున్నారు. దానికి వాడే చేప మన బొచ్చె, రవ్వల కుటుంబానిదే. ఇప్పుడు మనం చూసే, అప్పటికప్పుడు చేత్తో ఒత్తి ఇచ్చే సుషి 1820ల్లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ప్రాచుర్యంలోకి వచ్చింది. హనయా యోహే అనే ఆయన పేరు చెబుతారు. అప్పుడది పెద్దల విందు కాదు. వీధి బండి దగ్గర నిలబడి నోట్లో వేసుకునే తిండి.

'అంటే మన పులిహోర మీద చాప ముక్క పెట్టినట్టు. గంతేనా?' అన్నారు నాన్న. 'గంతే' అంది కూతురు. సగం భయం అక్కడే తీరిపోయింది.

'మరి సోమశిల చాప పెట్టుకొని ఇంట్లనే తినొచ్చు గద!' అన్నది అమ్మ. అస్సలు వద్దు. మంచినీటి చేపల్లో మనిషి ఒంట్లో చేరే పరాన్నజీవులు ఉండొచ్చు. మంట మీద బాగా ఉడికిస్తే అవి చస్తాయి. సుషికి ఎక్కువగా సముద్రపు చేపలే వాడతారు. పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపల్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌ను నమ్ముకొని చేసే పని కాదది. గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు ఎంత మంచి చోటైనా పచ్చి చేప జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ఇంకో సంగతి విని నాన్నకు భలే ధైర్యం వచ్చింది. నారింజ రంగులో మెరిసే సాల్మన్ ముక్క లేకుండా ఇవాళ సుషి పళ్ళెం ఉండదు. కానీ జపాన్ వాళ్ళే ఒకప్పుడు సాల్మన్‌ను పచ్చిగా తినడానికి జంకేవాళ్ళు. వాళ్ళ సముద్రంలో దొరికేదాంట్లో పురుగులుంటాయని భయం. 1980ల్లో నార్వే వాళ్ళు తాము పెంచిన చేపను తెచ్చి, తినండి తినండని ఏళ్ళ తరబడి బతిమాలి అలవాటు చేశారు. జపాన్ వాళ్ళే మొహం చిట్లించారంటే కొల్లాపూర్ వాళ్ళు ఆలోచించడంలో తప్పేముంది?

అందుకే వడ్డనకీ ఒక వరస పెట్టుకుంది. ముందు వేడివేడి టెంపురా. మన బజ్జీకి దూరపు బంధువు. తర్వాత ఉడికించిన రొయ్య సుషి, కాల్చిన ఈల్ చేప. అమ్మకు దోసకాయ రోల్, తియ్యటి గుడ్డట్టు పెట్టిన సుషి. చివర్లో ఒకే ఒక్క పళ్ళెంలో సాల్మన్. తింటే తింటారు, లేకపోతే లేదు. రోల్‌కు చుట్టిన నల్లటి రేకు సముద్రపు నాచు అనీ, కాగితం అనుకొని విప్పేయొద్దనీ ముందే చెప్పింది. పళ్ళెం అంచున ఉండే ఆకుపచ్చ ముద్ద చట్నీ కాదు, వసాబి. మన మిరపకాయ నాలుకను మండిస్తే, అది ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది. పాలమూరు కారానికి అలవాటు పడ్డామన్న ధీమా దాని ముందు పనికిరాదు. సోయా సాస్‌లో ఉప్పెక్కువ. నాన్నకు బీపీ. అద్దీ అద్దనట్టు అద్దుకోవాలి.

అన్నీ విన్నాక ఆయన అసలు బెంగ బయటపెట్టారు.

'గా పుల్లలతోని నాకు తినొస్తదా బిడ్డా? నలుగుట్ల నవ్వులపాలైతనేమో...'

కూతురు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది. సుషిని చేత్తో తినడం జపాన్‌లో తప్పు కానే కాదు. చెఫ్ చేత్తో ఒత్తి పెడతాడు, తినేవాళ్ళు చేత్తో అందుకొని ఒక్క ముద్దగా నోట్లో వేసుకుంటారు. చేప ఉన్న వైపు సాస్‌లో అద్దుకుంటే అన్నం చెదరదు. పుల్లలతో అన్నం విరగ్గొట్టుకుంటూ అవస్థపడేది ఎక్కువగా కొత్తగా నేర్చినవాళ్ళే.

'మనం తిన్నట్టే తినుడు నాయినా. చేత్తోనే.'

అటువైపు మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

'అట్లనా... అయితే పొద్దుగాల బస్సుకే వస్తం. పగటీలి మీ చిన్నమ్మను ఎక్కువ వండొద్దని చెప్పు. ఆకలి ఉంచుకోవాలె గద!'